వేడి ఏసీకి కప్పిన దుప్పటి

సర్కారు నౌకరి చేసేవాళ్లకు రిటైర్మెంటు వయసు సర్కారు చెబుతుంది. ఏసీ మెకానిక్కు మోకాళ్లు చెబుతాయి. నావి యాభై మూడో ఏట చెప్పాయి, అదీ నేను నిచ్చెన ఆరో మెట్టు మీద ఉండగా. కింద ఇంకా ఐదు మెట్లున్నాయి. అవి దిగడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ రోజే పనిముట్ల సంచి అటక మీద పెట్టేశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. రెండే అడుగుతారు: ఏ కంపెనీ మంచిది, గ్యాస్ ఎంత పట్టాలి. రెండోదానికి జవాబు డబ్బా మీదే రాసి ఉంటుంది. మొదటిదానికి, ఇంటి దగ్గర మెకానిక్ ఉన్న కంపెనీ మంచిది. డబ్బా మీద రాయని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. అది నేను చేసిన తప్పు. ఆ తప్పువల్ల యంత్రానికి జరిగిన నష్టాన్ని రెండు రోజుల్లో సరిచేశాను. ఒక మనిషికి జరగబోయిన నష్టం మాత్రం నా చేతిలో లేకుండా పోయింది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

లెక్క తప్పనివ్వని చదువు

నేను పదో తరగతి తప్పాను. లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. రఘునాథపల్లి నుంచి జనగామకు వచ్చి, మోటార్లకు రాగి తీగ చుట్టే దుకాణంలో చేరాను. ఉస్తాద్ పేరు ఖాజా మియా. తీగ చుట్టడంలో ఉన్నదంతా లెక్కే. ఒక చుట్టు తగ్గితే మోటారు వేడెక్కుతుంది, ఒకటి పెరిగితే నీరసంగా తిరుగుతుంది. నేను నాలుగు వందల పన్నెండో చుట్టు దగ్గర ఉన్నప్పుడే ఆయనకు మా ఇంటి క్షేమసమాచారం గుర్తొచ్చేది.

"అరే యాదగిరీ, మీ బాపు ఎట్లున్నడురా?"

జవాబు చెబితే లెక్క పోయేది. చెప్పకపోతే, "పెద్దోళ్లు అడిగితే పలుకవా?" అని తిట్టేవాడు. ఆరు నెలలకు నాకు ఒక విద్య వచ్చింది. నోటితో మా బాపు సంగతి చెబుతూనే మనసులో లెక్క నడిపేవాణ్ని. ఆ విద్య నాకు అన్నం పెట్టింది. నోరు ఒకటి చెబుతుంటే మనసు ఇంకొకటి లెక్కపెట్టుకోవడం మంచి విద్య కాదని తర్వాత తెలిసింది.

మోటార్ల నుంచి కూలర్లకు, కూలర్ల నుంచి ఫ్రిజ్‌లకు, అక్కణ్నుంచి ఏసీలకు వచ్చాను. నేర్పినవాళ్లు లేరు. కంపెనీ పుస్తకం ఒక చేతిలో, నిఘంటువు ఒక చేతిలో పెట్టుకుని చదివాను. సంచిలో ఎప్పుడూ రెండు థర్మామీటర్లు ఉండేవి. ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుందని. జనగామ ఏసీ ఫిల్టర్ దులిపితే దూది రాలేది, మహబూబాబాద్‌ది దులిపితే మిర్చి ఘాటుకు తుమ్ములొచ్చేవి, భూపాలపల్లిది దులిపితే బొగ్గు పొడి. కళ్లకు గంతలు కట్టినా ఏ ఊళ్లో ఉన్నానో చెప్పగలిగేవాణ్ని.

తొమ్మిది సూత్రాల చీటీ

మహబూబాబాద్‌లో ఒక మిర్చి వ్యాపారి ఇంట్లో చలికాలమంతా ఆపి ఉంచిన ఏసీని మార్చిలో తెరిచాను. బయటి పెట్టెలో ఎలుక పిల్లల్ని పెట్టింది. నాలుగు. వైర్లన్నీ కొరికి పరుపు చేసుకుంది. వ్యాపారి నా వంక చూసి, "గిన్ని తీగలు తిన్న ఎలుకకు కరెంటు షాకన్న కొట్టలేదా యాదగిరీ?" అన్నాడు. ఏసీ ఆపేసి ఉంది కదా, ఎలా కొడుతుంది?

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టాను. దీపావళి దాటగానే బయటి పెట్టెకు దుప్పటి కప్పాలి. దేనితో అన్న దాని మీద చాలా ఆలోచించాను. గోనెసంచి తేమ పట్టి ఉంచుతుంది. పాలిథిన్ ఎండకు చిరుగుతుంది. ఫ్లెక్సీ చిరగదు, తడవదు. తెలంగాణ ఉద్యమం రోజులవి. ఫ్లెక్సీలకు మాత్రం మనకు ఏ అన్యాయమూ జరగలేదు. ప్రతి సభ తర్వాత పది అడుగుల నాయకులు కరెంటు స్తంభాలకు వేలాడుతూ ఉండేవాళ్లు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న ఫ్లెక్సీలో రెండు పెట్టెలకు దుప్పట్లు వచ్చేవి. నమస్కారం పెట్టే చేతుల్ని కూడా వదలకుండా కత్తిరిస్తే మూడు. అలా మూడు ఊళ్లలోనూ నాయకులు ఇళ్ల వెనక గోడల మీద శివరాత్రి దాకా విశ్రాంతి తీసుకునేవాళ్లు.

ఏసీ జాగ్రత్తలన్నీ కలిపి తొమ్మిది సూత్రాలుగా ఒక చీటీ అచ్చు వేయించాను. ఏడోది ఇది: 'దీపావళి దాటగానే బయటి పెట్టెకు ఫ్లెక్సీ కప్పి, గాలి దూరకుండా తాడుతో ఏడు ముళ్లు వేయవలెను. శివరాత్రి దాకా విప్పరాదు.' నేను ఏసీ పెట్టిన ప్రతి ఇంట్లో స్విచ్ బోర్డు పక్కన నాలుగు మూలలకు గమ్ము రాసి ఆ చీటీ అంటించేవాణ్ని. నిజం చెప్పాలంటే, పని కన్నా ఆ చీటీని చూసుకునే ఎక్కువ మురిసిపోయేవాణ్ని.

ఢిల్లీ నుంచి వచ్చిన వేడి

భూపాలపల్లిలో సాంబయ్య అని ఒక మట్టి కంట్రాక్టర్ ఉండేవాడు. ఉద్యమం ఊపందుకోగానే ఆయన దీక్షా శిబిరానికి కన్వీనర్ అయ్యాడు. ఆ రోజుల్లో అందరూ తెలంగాణ కోసం ఢిల్లీ పోయి వచ్చేవాళ్లు. సాంబయ్య కూడా పోయి, ఒక హాట్ అండ్ కోల్డ్ ఏసీతో తిరిగొచ్చాడు.

"గెస్ట్‌హౌజ్‌ల పండినం యాదగిరీ. గోడకు పెట్టింది వేడి గాలి ఇడుస్తది. గంత చలిల బనీన్ మీద పండిన! మనకెందుకుండొద్దు? అన్నిట్ల మనకు అన్యాయమేనాయె."

"మన దగ్గర చలి ఎన్ని రోజులుంటది సార్?"

"ఎన్ని రోజులుంటే ఏంది? హక్కు హక్కే."

దాని పేరు కంపెనీ పుస్తకంలో హీట్ పంపు. ఎండాకాలం లోపలి వేడిని తోడి బయట పోసే ఏసీయే, చలికాలంలో ఒక వాల్వు తిరగబడితే బయటి వేడిని తోడి లోపల పోస్తుంది. ఆ ఎండాకాలం దాన్ని గోడకు పెడుతూ నేను ఆయనకిది వివరిస్తుంటే ఆ ఇంట్లో పనిచేసే ద్వాలీ బకెట్ పట్టుకుని పక్కనే నిలబడి విన్నది. ఆమెది కొత్తగూడ వైపు ఒక తండా. ఇంట్లో వాళ్ల లంబాడా మాట, బయట మా మాట మాట్లాడేది. భర్త హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయి పండుగలకు వచ్చేవాడు. కంట్రాక్టర్ ఇంటి వెనక గదిలో ఆమె, ఆమె బిడ్డ సునీత ఉండేవాళ్లు. సునీత అప్పుడు పదో తరగతి. ఆ గది నుంచి బడికి ఆరు వందల అడుగులు. ఒకసారి నడిచి లెక్కపెట్టాను. తండా నుంచైతే హైస్కూలుకు బస్సు కూడా లేదు. గది ఉంటే బడి ఉన్నట్టు, గది పోతే బడి పోయినట్టు. ద్వాలీ లెక్క అంతే.

"చలికాలం గాలిల వేడెక్కడిదన్నా?" అని అడిగింది.

"మనకు చలి చెల్లె. పైపుల తిరిగే గ్యాస్ ఆ గాలి కన్నా చల్లగుంటది. దానికి గదే వేడి."

ఆమె బకెట్ కింద పెట్టింది. "అంటే పేదోని ఇంట్లకెల్లి గూడ ఏదో ఒకటి తోడుకపోవచ్చన్నట్టు" అంది.

హీట్ పంపు గురించి అంతకన్నా సూటిగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. కంట్రాక్టర్ అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు.

చలికి ముందు చేయవలసిన పని

చలి మొదలయ్యాక హీట్ పంపు సంగతి చూసుకోవడం పెద్ద పొరపాటు. దసరా పోగానే, ఇంకా చెమట పడుతుండగానే వెళ్లాలి. ఇంటివాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఏడాదంతా కదలని వాల్వు బిగుసుకుని ఉంటుంది. అది కదులుతుందో లేదో తెలియాలంటే వేడి మీద పెట్టి ఇరవై నిమిషాలు నడపాలి.

అలాగే చేశాను. లోపలి ఫిల్టర్ కడిగాను. బయటి కాయిల్ మీద బొగ్గు పొడి చారెడు వచ్చింది, నీళ్లతో మెల్లగా కడిగాను. చలికాలంలో నీళ్లు కారేది లోపలి పెట్టె నుంచి కాదు, బయటి పెట్టె నుంచి. ఆ నీళ్లు పోవడానికి కింద దారి చేశాను. వాల్వు భుస్సుమని తిరిగింది. లోపలికి పోయే గాలి ఇరవై ఏడు డిగ్రీలు, బయటకు వచ్చేది నలభై మూడు. పదహారు డిగ్రీల తేడా. రెండు థర్మామీటర్లూ ఒకే మాట చెప్పాయి.

ద్వాలీని పిలిచి జాగ్రత్తలు చెప్పాను. తెల్లవారుజామున బయటి కాయిల్ మీద మంచు పడితే యంత్రం దానంతట అదే ఆగి, ఆ మంచు కరిగించుకుంటుంది, అప్పుడు పొగలాంటి ఆవిరి వస్తుంది, భయపడి నీళ్లు చల్లవద్దు అన్నాను. బయటి పెట్టెకు చలికాలంలోనే గాలి ఎక్కువ కావాలి, ఎందుకంటే అది వేడిని తోడుకునేది ఆ గాలిలోంచే. ఆ ముక్క ఒక్కటీ చెప్పలేదు. నాకు తెలిసిన సంగతి కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను.

ఎండాకాలంలో నేను అంటించిన చీటీ ఆ గోడ మీదే ఉంది, నాకు రెండడుగుల దూరంలో. చూశాను. ఇంకా ఒక్క మూల కూడా ఊడలేదని సంతోషించాను.

నోటికి తాడు

డిసెంబర్‌లో ఒక ఉదయం కంట్రాక్టర్ ఫోన్ చేశాడు. హైదరాబాద్ నుంచి సభకు వచ్చిన ఇద్దరు నాయకులను వేడి గదిలో పడుకోబెట్టాడట. గంటసేపు బాగానే ఉందట. తర్వాత అది వేడి మానేసి చల్లగాలి కొట్టడం మొదలుపెట్టి, చివరికి కాలిన వాసనతో ఆగిపోయిందట. పొద్దున లేచేసరికి ఒక నాయకుడికి గొంతు పోయింది. ఆ రోజు సభలో ఆయన చేతులతోనే మాట్లాడాడని, ఎప్పటికన్నా ఎక్కువ చప్పట్లు పడ్డాయని తర్వాత విన్నాను.

జనగామ నుంచి బండి మీద బయల్దేరాను. దారిలో రెండుచోట్ల రాస్తారోకో. నంబర్ ప్లేటు మీద టీజీ అని అంటించుకున్నాను కాబట్టి ఒకచోట వదిలేశారు. రెండోచోట 'జై తెలంగాణ' అనిపించి, నా గొంతు పరీక్షించి గానీ వదల్లేదు. నాలుగు గంటల తర్వాత ఆ ఇంటి ముందు దిగి బయటి పెట్టె వైపు చూశాను.

దాని చుట్టూ ఫ్లెక్సీ కప్పి ఉంది. ఫ్లెక్సీ మీద సాంబయ్య నవ్వుతున్నాడు. తాడు సరిగ్గా ఆయన నోటి మీదుగా పోయింది. ముళ్లు లెక్కపెట్టాను. ఏడు. నాకు అర్థమైపోయింది.

"సూసినవా యాదగిరీ!" కంట్రాక్టర్ లోపలినుంచే అరుస్తూ వచ్చాడు. "నా నోటికి తాడు కట్టింది. రోడ్డు మీద పోయెటోడల్లా ఆగి నవ్వుతున్నడు. ఎవడో ఎదుటి పార్టోడు చెప్పి చేయించిండు."

ద్వాలీ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నోటికి కట్టలే సారు, పెట్టెకు కట్టిన. బొమ్మ బయటికుంటే మీకు ఇజ్జత్ ఉంటదనుకున్న."

"నోర్ముయ్. రేపటిదాక గది ఖాళీ చెయ్. నీ బిడ్డెను తోలుకొని తండాకు పో."

"సారూ, మార్చిల దాని పరీక్షలు..."

"మోటరు కాలవెట్టినప్పుడు యాదికి రాలేదా పరీక్షలు?" ఆయన నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు యాదగిరీ. గిట్ల కప్పుతరా ఎవలన్న?"

"కప్పొద్దు సార్" అన్నాను.

అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నా జన్మలో అంతకన్నా పెద్ద అబద్ధం నేను ఆడలేదు.

జరిగింది ఇది. గాలి ఆడక కాయిల్ మంచుతో బిగుసుకుపోయింది. యంత్రం ఆ మంచు కరిగించడానికి మాటిమాటికీ తిరగబడింది. ఆ తిరగబడినప్పుడల్లా లోపలి గదిలోంచే వేడి లాక్కుంది. చివరికి ఫ్యాన్ మోటారు ఊపిరాడక కాలిపోయింది. స్విచ్ చూసివస్తానని చెప్పి లోపలికి పోయాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. గోడ మీది చీటీని మూలమూలనా గోటితో లేపి, మడిచి జేబులో పెట్టుకున్నాను.

వెనక్కి తిరిగితే చీపురుతో ద్వాలీ.

"యాదగిరన్నా, గోడ మీది కాయితం నీ జేబులకు ఎందుకు పోయింది?"

"పాతగైంది చెల్లె. కొత్తది తెచ్చి పెడ్త."

"మా సునీత మొన్న మూడుసార్లు సదివి చెప్పింది. ఏడు ముళ్లు అన్నది. నేను ఎనిమిదోది గుడ ఎయ్యలే." ఆమె గొంతు పెంచలేదు. "నేను చెప్తే సారు నమ్మడు. నువ్వు చెప్తవనుకుంటున్న." అని చెప్పి మూటలు కట్టుకోవడానికి పోయింది.

నేను చెప్పలేదు. మోటారు విప్పి, ఊళ్లో తెలిసిన దుకాణంలో కూర్చుని తీగ చుట్టడం మొదలుపెట్టాను. ఇరవై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ లెక్క తప్పనివాణ్ని, ఆ రోజు మూడుసార్లు తప్పాను. పక్కన ఎవరూ ఏమీ అడగలేదు. నేనే నాకు జవాబులు చెప్పుకుంటున్నాను. నా పేరు పోతే మూడు ఊళ్లలో పని పోతుంది. ఆమెకు గది ఒక్కటేగా పోయేది. ఇలాంటి తూకాలు వేసుకునేటప్పుడు మనిషి తన రాయిని ఎప్పుడూ బరువుగానే ఎంచుకుంటాడు. అన్నీ కొలిచి చూస్తానని పేరున్న నేనూ అదే పని చేశాను.

ఏడో పేరు

మర్నాడు మోటారు సిద్ధమయింది. కంట్రాక్టర్ శిబిరంలో ఉన్నాడంటే అక్కడికి వెళ్లాను. ఆయనకు చాటుగా చెప్పేద్దామనే వెళ్లాను, ఎంత చాటుగా వీలైతే అంత చాటుగా.

శిబిరంలో రిలే నిరాహార దీక్ష నడుస్తోంది. రోజుకు పదకొండు మంది కావాలి. పొద్దున పదికి కూర్చుంటే సాయంత్రం ఐదుకు నాయకులు నిమ్మరసం ఇచ్చి విరమింపజేస్తారు. మొదటి రోజుల్లో జనం పోటీపడి కూర్చున్నారు. పత్తి ఏరే రోజులొచ్చేసరికి పదకొండు మందిని పోగుచేయడం కష్టమైంది. అప్పటినుంచి సాంబయ్య జాబితాలో ఆయన డ్రైవరూ, వాచ్‌మనూ, ద్వాలీ కూడా చేరారు. ఆ రోజు జాబితా తెర మీద అంటించి ఉంది. ఏడో పేరు ద్వాలీది.

ఆమె వచ్చింది. మెడలో బంతిపూల దండతో కూర్చుంది. రెండు మూటలు డేరా వెనక ఉన్నాయి.

ఆమె పక్కన గొంతుక్కూర్చుని అడిగాను. "నిన్న ఎల్లగొట్టిండు గద, మల్ల ఎందుకొచ్చినవ్ చెల్లె?"

"గది ఆయనది. తెలంగాణ ఆయనది గాదు గద. పేరు రాసుకున్నప్పుడు వస్తనని మాటిచ్చిన." తర్వాత నా ముఖం చూసింది. "చెప్పినవా?"

"సాయంత్రం చెప్త."

"సరే. సాయంత్రం దాక నేను గుడ యాడికి పోత?"

సాంబయ్య ఆ రోజు నాలుగుసార్లు మాట్లాడాడు. ఆత్మగౌరవం అన్న మాట ముప్పై ఏడుసార్లు అన్నాడు. మనది రెండు పూటల తిండి కోసం చేసే పోరాటం కాదన్నాడు. మన మనుషుల్ని మన గడ్డ మీద పరాయివాళ్లుగా చూస్తే ఊరుకునేది లేదన్నాడు. ద్వాలీ ఆయనకు నాలుగడుగుల దూరంలో ఉంది. మిగతావాళ్లతో పాటు చప్పట్లు కొట్టింది. మాటలు మంచివే కదా, ఎవరి నోటినుంచి వస్తేనేం అన్నట్టు కొట్టింది.

ఐదయింది. నిమ్మరసం గ్లాసుల పళ్లెం వచ్చింది. ఒక విలేకరి కెమెరా తీశాడు. కంట్రాక్టర్ మొదటి మనిషి దగ్గర్నుంచి ఒక్కొక్కరికీ గ్లాసు అందిస్తూ, అందించినప్పుడల్లా కెమెరా వైపు తిరుగుతూ వచ్చాడు. ఏడో మనిషి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ద్వాలీ గ్లాసు అందుకోలేదు.

"పట్టు ద్వాలీ, ఫోటో తీస్తున్నరు."

"నాకు ఆకలైతలేదు సారు."

"ఐదు కొట్టింది. దీక్ష అయిపోయింది."

"మీది అయిపోయింది. నాది ఇప్పుడే షురువైంది."

విలేకరి కెమెరా దించి కలం తీశాడు. "ఏం డిమాండ్ అమ్మా?"

"నా బిడ్డె పదో తరగతి పరీక్షలు. అవి అయ్యేదాక గది కావాలె."

కంట్రాక్టర్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టి కిందికి వంగాడు. "ఇంటి ముచ్చట ఇంట్ల మాట్లాడుకుందం. లెవ్వు."

"ఇంట్ల లేను గద సారు. ఖాళీ చేయమన్నరు, చేసిన."

ఆయనకు కోపం ముంచుకొచ్చింది. చెయ్యి తీసేసి జనం వైపు తిరిగాడు. "ఊకెనే ఎల్లగొట్టిన్నా? నా ఏసీ కాలవెట్టింది ఈమె!" మైకు ఆ మాటను చౌరస్తా దాకా మోసుకుపోయింది.

వెనక బెంచీ మీద కూర్చున్న ముసలి గని కార్మికుడు ఒకాయన లేచాడు. నిజంగా తెలియకే అడిగాడనుకుంటాను. "ఏసీనా? గిప్పుడు చలికాలం గద సారు, ఏసీ ఎందుకు నడిపిన్రు?"

"వేడి గాలి ఏసీ" అన్నాడు వాచ్‌మన్, యజమానికి సాయం చేద్దామని.

ఉద్యమం గెలిచేదాకా చాప మీదే పడుకుంటానని కంట్రాక్టర్ కిందటి వారమే ఆ మైకులో ప్రకటించి ఉన్నాడు. నవ్వు ముందు ఆడవాళ్ల వైపు మొదలైంది. ఆయన ముఖం ఎర్రబడింది. ఇంకొక్క నిమిషం ఆగితే కోపమంతా మళ్లీ ఆమె మీదికే తిరిగేది. ఆయన నోరు తెరిచాడు కూడా.

అప్పుడు లేచాను. ధైర్యం వచ్చి లేచానని రాసుకోవచ్చు, అది నిజం కాదు. ద్వాలీ నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. ఇక ఆమె అడగదని తెలిసి లేచాను.

"తప్పు నాది" అన్నాను. "బయటి పెట్టెకు కప్పుమని రాసిచ్చింది నేను. మామూలు ఏసీకి రాసిన చీటీ, చూసుకోకుండ వేడి ఏసీకి అంటిచ్చిన. అండ్ల ఉన్నది ఉన్నట్టు చేసింది ఈమె. నిన్న గోడ మీదికెల్లి ఆ చీటీ తీసి దాచిపెట్టుకున్నది గుడ నేనే."

మైకు లేకుండానే అందరికీ వినిపించింది. ఎవరో, "నిన్ననే చెప్పకపోయినవా పెద్దమనిషీ" అన్నారు. అది నిజమైన ప్రశ్న.

సాంబయ్య కంట్రాక్టులూ చేశాడు, రాజకీయమూ చేశాడు. కూలిపోయే గోడ కింద ఎంతసేపు నిలబడాలో ఆయనకు తెలుసు. మైకు సర్దుకుని, "మన శిబిరంల ఎవలికీ అన్యాయం జరగనియ్యం. మెకానిక్ తప్పు చేస్తే ఆడబిడ్డెకు శిక్ష ఎందుకు? గది ఆమెదే" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. గ్లాసు మళ్లీ ముందుకు చాచాడు.

ద్వాలీ కదల్లేదు. "ఎప్పటిదాక సారు?"

"పరీక్షలు అయ్యేదాక."

"మైకుల చెప్పున్రి."

"పరీక్షలు అయ్యేదాక" అన్నాడు మైకులో.

"ఎవల పరీక్షలు?"

"నీ బిడ్డెయి."

"పేరు వెట్టి చెప్పున్రి సారు. రేపు మల్ల ఎవలి బిడ్డె అని అడగొద్దు గద."

కంట్రాక్టర్ నోరు తెరిచి ఆగాడు. డ్రైవర్ వైపు చూశాడు. ఆ పిల్ల నాలుగేళ్లుగా ఆయన పెరట్లో, ఆయన కిటికీ కింద, పొద్దునే గట్టిగా చదువుకుంటోంది. డేరా అంతా ఎదురుచూసింది. నేను లెక్కపెట్టాను. తొమ్మిది సెకన్లు.

"సునీత" అని ద్వాలీయే అందించింది, పళ్లెంలోంచి గ్లాసు అందించినట్టు.

"సునీత" అన్నాడాయన మైకులో. "సునీత పరీక్షలు అయ్యేదాక."

అప్పుడు ఆమె గ్లాసు అందుకుంది. గటగటా కాకుండా, మెల్లగా, అడుగు దాకా తాగింది. విలేకరి ఫోటో తీశాడు. మర్నాడు పత్రికలో వచ్చింది. కింద 'మహిళకు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేస్తున్న కన్వీనర్' అని రాసి ఉంది.

నా సంగతి అడుగుతారేమో. మూడు ఊళ్లలో పని పోతుందని భయపడ్డాను కదా, పోలేదు. నాలుగైదు ఇళ్లవాళ్లు మాత్రం ఆ చలికాలం నేను వచ్చినప్పుడల్లా, "ఏదన్న రాసియ్యకు, నోటితోని చెప్పు" అన్నారు. మీకూ అదే చెబుతున్నాను. యంత్రం ముందు నిలబడి, దాన్ని రోజూ ముట్టుకునే మనిషిని పిలిచి, నోటితో చెప్పండి. ఆ మనిషి తిరిగి మీకు చెప్పేదాకా ఆ ఇల్లు దాటకండి. తప్పు చేస్తే ఆ పూటే చెప్పండి. రెండో రోజు చెప్పిన నిజానికి చప్పట్లు వస్తాయి గానీ, మొదటి రాత్రి మూటల పక్కన పడుకున్న మనిషికి ఆ రాత్రిని ఎవరూ తిరిగివ్వలేరు.

పరీక్షలు మార్చిలో అయిపోయాయి. చివరి పరీక్ష మర్నాడు పొద్దున ద్వాలీ గది ఊడ్చి, అలికి, తాళంచెవి తెచ్చి కంట్రాక్టర్ భార్య చేతిలో పెట్టిందని సునీత నాకు చెప్పింది. ఇంకా ఉండమని కంట్రాక్టరే అన్నాడట. ఏసీని ఎండాకాలానికి తిప్పేవాళ్లు లేరని కూడా అన్నాడట.

"నేను అడిగింది గంతవరకే సారు" అందట ద్వాలీ.